కొత్త ఫోన్ ఇంటి వైఫైకి కలవడం లేదు, తప్పు మిద్దె మీది పిల్లలదేనా?

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు వెల్లడించవద్దని కోరారు. భర్త పోయిన తరువాత సొంత ఇంటి కింది భాగంలో ఆమె ఒక్కరే ఉంటున్నారు. మిద్దె మీది గదుల్లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతున్న ఇద్దరు అమ్మాయిలు అద్దెకు ఉంటున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కుమారుడు రెండేళ్ల క్రితం ఇంటికి ఫైబర్ కనెక్షన్ పెట్టించి, రూటర్‌లో అమరికలన్నీ తానే చేసి, "మనం ఒప్పుకున్న ఫోన్లు తప్ప వేరేవి కలవవు, నిశ్చింతగా ఉండు" అని చెప్పి వెళ్లారు. నెల బిల్లులో సగం అమ్మాయిలు ఇస్తున్నారు. కిందటి నెల కుమారుడు తల్లికి కొత్త ఫోన్ పంపారు. అందులో ఇంటి వైఫై పేరు కనిపిస్తోంది, పాస్‌వర్డ్ కొడితే కాసేపు "కనెక్ట్ అవుతోంది" అని చూపి, ఆ తరువాత "సేవ్ అయింది" అన్న మాట దగ్గర ఆగిపోతోంది. 2018లో కొన్న పాత ఫోన్ మాత్రం అదే గదిలో, అదే పాస్‌వర్డ్‌తో చక్కగా పనిచేస్తోంది. టీవీ, అమ్మాయిల ఫోన్లు కూడా పనిచేస్తున్నాయి. కొత్త ఫోన్ పక్కింటి వైఫైకి ఇబ్బంది లేకుండా కలిసింది.

సలహాలు మాత్రం ఆమెకు కరువు కాలేదు. గాంధీ రోడ్డులోని ఫోన్ల దుకాణంలో, ఇది 4జీ ఫోన్ కాబట్టి మీ ఇంటి "5జీ వైఫై"ని అందుకోలేదన్నారు. కనెక్షన్ ఇచ్చిన కేబుల్ ఆయన, లైన్ బాగానే ఉంది, లోపం ఫోన్‌దే అన్నారు. పక్కింటి కుర్రవాడు రూటర్ వెనుక చిన్న రంధ్రంలో పిన్నీసు పెట్టి నొక్కితే అన్నీ సర్దుకుంటాయన్నాడు. కుమారుడు, మిద్దె మీది పిల్లలు ఏదో మార్చి ఉంటారు, ఖాళీ చేయించమన్నారు. ఆ మాట మీద ఆమె అమ్మాయిలను పిలిచి కొంచెం గట్టిగానే అడిగారు. వాళ్లు తమకు ఏమీ తెలియదన్నారు, ఆనాటి నుంచి మాటలు తగ్గించారు, అద్దె కూడా చేతికి ఇవ్వకుండా ఫోన్‌లోనే వేస్తున్నారు. "సంక్రాంతికి కోడలు, మనవరాలు వచ్చినప్పుడు కూడా కోడలి ఫోన్‌కు నెట్ కలవలేదు, పోనీలే అని ఊరుకున్నాం. ఇప్పుడు మనవరాలితో వీడియోలో మాట్లాడాలన్నా, చుట్టాలకు 300 రూపాయల దర్శనం టికెట్లు చూడాలన్నా మళ్లీ పాత ఫోనే దిక్కవుతోంది. ఫోన్ మార్చుకోనా, వేరే కనెక్షన్ పెట్టించుకోనా, పిల్లలను ఖాళీ చేయమననా?" అన్నది ఆమె ప్రశ్న.

నమస్కారం అమ్మా. మీ ఉత్తరంలో రెండు తగాదాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి కొత్త ఫోన్‌కూ రూటర్‌కూ మధ్య, రెండోది మీకూ ఆ అమ్మాయిలకూ మధ్య. రెండోది మొదటిదాని నుంచే పుట్టింది గనుక ముందుగా మొదటిదాన్ని విప్పుదాం. మీరు వివరాలు ఎంత పొందికగా రాశారంటే, సమాధానంలో సగం మీ ఉత్తరంలోనే ఉంది. మీరు మామూలుగా దాటి వెళ్లిన రెండు వాక్యాల్లోనే అది ఉండటం వల్ల మీకు కనిపించి ఉండదు.

ఏ ఫోన్ అయినా ఇంటి వైఫైకి కలిసేటప్పుడు నాలుగు మెట్లు ఎక్కుతుంది. మొదట వైఫై పేరు కనిపించాలి. తరువాత పాస్‌వర్డ్ సరిపోయి రూటర్ లోపలికి రానివ్వాలి. ఆ తరువాత ఫోన్‌కు రూటర్ ఒక ఐపీ అడ్రస్ ఇవ్వాలి, అంటే ఇంట్లోని పరికరాల మధ్య దానికొక సంఖ్య కేటాయించాలి. చివరగా రూటర్ నుంచి బయటి ఇంటర్నెట్‌కు దారి ఉండాలి. ఫోన్ ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే అనుమానించవలసినవి చాలా తగ్గిపోతాయి. పేరే కనిపించకపోతే దూరమో, గోడల అడ్డమో, రూటర్ పక్కనున్న ఇనుప బీరువానో చూసుకోవాలి. "ఐపీ అడ్రస్ పొందుతోంది" అన్న చోట ఆగితే చాలాసార్లు రూటర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ వేయడంతో సరిపోతుంది. "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అని వస్తే ఫోన్‌కూ రూటర్‌కూ మధ్య తగాదా లేదు, దారి ఆ పైన ఎక్కడో తెగింది. ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ అన్న చోట ఎర్ర దీపం వెలిగితే అప్పుడు కేబుల్ ఆయనను పిలవాలి. మీ ఫోన్ ఆగింది రెండో మెట్టు దగ్గర. అందువల్ల లైన్ బాగుందన్న కేబుల్ ఆయన మాట నిజమే. లోపం ఫోన్‌దే అన్న ఆయన రెండో మాట మాత్రం నిలవదు, ఎందుకంటే అదే ఫోన్ పక్కింట్లో కలిసింది.

రెండో మెట్టు దగ్గర ఆగడానికి అందరికీ ముందు తోచే కారణం తప్పు పాస్‌వర్డ్. ఆంగ్లంలో సున్నాకూ ఓ అక్షరానికీ, ఒకటికీ చిన్న ఎల్‌కూ తేడా తెలియక పొరపడేవాళ్లు ఎందరో ఉన్నారు. పాస్‌వర్డ్ గడి పక్కన ఉండే కంటి గుర్తును నొక్కితే మీరు కొట్టిన అక్షరాలు కనిపిస్తాయి, ఒకసారి సరిచూసుకోండి. ఇంతకన్నా నిక్కచ్చి పరీక్ష మరొకటి ఉంది. ఆండ్రాయిడ్ 10, ఆ తరువాత వచ్చిన ఫోన్లలో ఇప్పటికే కలిసి ఉన్న వైఫై పేరు మీద నొక్కి "షేర్" అంటే ఒక క్యూఆర్ కోడ్ తెర మీదికి వస్తుంది. అమ్మాయిల్లో ఒకరి ఫోన్‌లో ఆ కోడ్ తెరిపించి మీ కొత్త ఫోన్‌తో స్కాన్ చేస్తే పాస్‌వర్డ్ కొట్టవలసిన అవసరమే ఉండదు. అప్పుడూ కలవకపోతే పాస్‌వర్డ్ మీద అనుమానం వదిలేయవచ్చు. ఈ పరీక్షకు ఆ అమ్మాయిల సాయం అడగక తప్పదని నాకు తెలుసు, ఆ సంగతికి తరువాత వస్తాను.

భద్రతా పద్ధతుల తేడా వల్ల కూడా కొన్ని ఫోన్లు ఈ మెట్టు దగ్గర ఆగిపోతాయి. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అనే పద్ధతిని రూటర్‌లో పెడితే అది తెలియని పాత ఫోన్లు కలవవు. అయితే ఆ తంటా పాత ఫోన్లకు వచ్చేది. మీ ఇంట్లో పాతదే కలుస్తోంది, కొత్తదే కలవడం లేదు కనుక దీన్నీ పక్కన పెట్టవచ్చు.

ఇప్పుడు మీరు దాటి వెళ్లిన ఆ రెండు వాక్యాలకు వస్తాను. "మనం ఒప్పుకున్న ఫోన్లు తప్ప వేరేవి కలవవు" అని మీ అబ్బాయి రెండేళ్ల క్రితం చెప్పారు. సంక్రాంతికి వచ్చిన కోడలి ఫోన్ కూడా కలవలేదని మీరు రాశారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మీ అబ్బాయి రూటర్‌లో మ్యాక్ ఫిల్టర్ అనే ఏర్పాటు చేసి ఉంటారన్నది నా బలమైన అనుమానం. వైఫై ఉన్న ప్రతి పరికరానికీ ఆరు జంటల అక్షరాలు, అంకెలతో మ్యాక్ అడ్రస్ అని ఒక గుర్తింపు ఉంటుంది. ఏయే గుర్తింపులను లోపలికి రానివ్వాలో రూటర్‌లో జాబితా రాసి పెట్టుకోవచ్చు. అప్పుడు దర్శనం టికెట్ చేతిలో ఉన్నా ఆధార్‌లో పేరు సరిపోకపోతే క్యూలైనులోకి వదలనట్టే, పాస్‌వర్డ్ సరైనదైనా జాబితాలో లేని ఫోన్‌ను రూటర్ వెనక్కి పంపుతుంది. ఎందుకు పంపుతోందో అది ఫోన్‌కు చెప్పదు. అందుకే మీ ఫోన్ కారణం చూపలేక "సేవ్ అయింది" అని మాత్రం అంటోంది. రెండేళ్ల క్రితం ఇంట్లో ఉన్న మీ పాత ఫోన్, టీవీ, అమ్మాయిల ఫోన్లు జాబితాకు ఎక్కాయి, తరువాత వచ్చిన కోడలి ఫోన్, మీ కొత్త ఫోన్ ఎక్కలేదు.

దీనికి తోడు మరో చిక్కు ఉంది, అది తెలియకపోతే జాబితాలో చేర్చినా ఫలితం రాదు. ఫోన్‌కు పుట్టుకతో వచ్చిన మ్యాక్ అడ్రస్ ఒకటే అయినా, దాని ఆధారంగా మనుషుల కదలికలను గమనించే వీలు ఉందని 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో ఐఫోన్లకు వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత అడ్రస్ చూపడం మొదలుపెట్టాయి. మీ 2018 నాటి ఫోన్ బహుశా అసలు అడ్రస్‌నే చూపుతుంది, కొత్తది మామూలుగా చూపదు. కొత్త ఫోన్ పెట్టె మీద అచ్చయిన అడ్రస్‌నో, "ఫోన్ గురించి" అన్న చోట కనిపించే అడ్రస్‌నో మీ అబ్బాయికి చదివి వినిపిస్తే, ఆయన దాన్ని జాబితాలో చేర్చినా ఫోన్ మరో పేరుతో వచ్చి నిలబడుతుంది, రూటర్ మళ్లీ వెనక్కి పంపుతుంది. అందువల్ల కొత్త ఫోన్‌లో మీ ఇంటి వైఫై పేరు మీద నొక్కి, గోప్యత లేదా ప్రైవసీ అన్న చోట "ర్యాండమైజ్డ్ మ్యాక్" బదులు "ఫోన్ మ్యాక్" ఎంచుకోవాలి. కొన్ని ఫోన్లలో దాన్ని "డివైస్ మ్యాక్" అంటారు. మీ ఇంటి వైఫైకి మాత్రమే ఇలా మార్చితే చాలు, బయటి చోట్ల ఫోన్ కల్పిత అడ్రస్‌తోనే వెళ్లనివ్వండి.

దుకాణం వాళ్లు చెప్పిన "5జీ" సంగతి కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ మాట నమ్మి ఇంకో ఫోన్ కొనేస్తారేమోనని నా భయం. వైఫై పేరు చివర కనిపించే 5జీ అంటే 5 గిగాహెర్ట్జ్, అది రూటర్ పంపే రేడియో తరంగాల పౌనఃపున్యం. సిమ్ కార్డులో వచ్చే 5జీకీ దానికీ సంబంధం లేదు. 4జీ ఫోన్ అయినా అందులోని వైఫైకి ఆ సామర్థ్యం ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కు కలుస్తుంది. ఆ సామర్థ్యం లేని చవక ఫోన్‌లో అసలు ఆ పేరే కనిపించదు. రెండో పేరు, చివర 5జీ లేనిది, 2.4 గిగాహెర్ట్జ్‌ది. అది వేగంలో కొంత తక్కువ, కానీ గోడలు దాటి దూరం వెళ్లడంలో మేలు. మీ ఇంట్లో రూటర్ ముందు గదిలో బీరువా మీద ఉందనీ, మీరు ఫోన్ వాడేది వెనుక వంటిల్లు, పూజగది వైపు అనీ రాశారు కనుక, సమస్య తీరిన తరువాత వెనుక గదుల్లో 2.4కు కలుపుకోవడమే మీకు అనువు. ఇనుము రేడియో తరంగాలను అడ్డుకుంటుంది. రూటర్‌ను బీరువా మీద నుంచి తీసి గోడకు ఒక చెక్క పలక కొట్టించి దాని మీద పెడితే మిద్దె మీదికి కూడా మెరుగ్గా అందుతుంది.

ఇక మీ ముందున్న దారులు.

అన్నిటికన్నా తక్కువ కదిలించే దారి జాబితాను అలాగే ఉంచి మీ కొత్త ఫోన్‌ను అందులో చేర్చడం. దీనివల్ల మీ అబ్బాయి చేసిన ఏర్పాటు చెదరదు, అమ్మాయిలకు అంతరాయం ఉండదు. కాని ఇంటికి వచ్చిన ప్రతి చుట్టం ఫోన్‌కూ ఇదే తతంగం మళ్లీ జరపాలి, అబ్బాయి అందుబాటులో లేని రోజున ఎవరికీ నెట్ ఉండదు. పైగా కొన్ని రూటర్లలో 2.4కూ 5కూ వేరువేరు జాబితాలు ఉంటాయి. ఒకదానిలోనే చేరిస్తే ఫోన్ ముందు గదిలో కలిసి వెనుక గదిలో కలవకపోవడం, మళ్లీ ఎవరినో అనుమానించడం మొదలవుతుంది.

రెండో దారి జాబితాను పూర్తిగా తీసేసి కొత్త పాస్‌వర్డ్ పెట్టడం. నన్నడిగితే నేను దీనివైపే మొగ్గుతాను. జాబితా చూడటానికి గట్టి కాపలాలా కనిపిస్తుంది గానీ, మ్యాక్ అడ్రస్‌లు గాలిలో దాపరికం లేకుండానే వెళ్తాయి, తెలిసినవాడు వాటిని పట్టుకుని తన పరికరానికి తగిలించుకోవడం కష్టమేమీ కాదు. ఇంటికి అసలు రక్షణ ఊహకు అందని పొడవైన పాస్‌వర్డే. మీ విషయంలో పాస్‌వర్డ్ మార్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఉత్తరంలో మీరు దాన్ని పూర్తిగా రాసి పంపారు. మేము అచ్చు వేయలేదు, కాని ఒకసారి చెయ్యి దాటిన పాస్‌వర్డ్‌ను మార్చుకోవడమే మంచిది, అందులోనూ అది ఇంటి పేరూ పుట్టిన సంవత్సరమూ కలిపి చేసినది. దీనివల్ల కలిగే శ్రమ ఏమిటంటే, మార్చిన రోజున పాత ఫోన్, టీవీ, అమ్మాయిల ఫోన్లు అన్నింటిలోనూ కొత్తది కొట్టాలి.

మూడోది, ఇంటికి ఒక పేరు, మిద్దె మీదికి మరొక పేరు పెట్టడం. చాలా రూటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ అనే పేరుతో ఈ వీలు ఉంటుంది. అమ్మాయిలకు, వచ్చిపోయే చుట్టాలకు ఆ రెండో పేరు, దాని పాస్‌వర్డ్ ఇస్తే, వాళ్లు మారినప్పుడు దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు, మీ టీవీనీ ఫోన్‌నూ ముట్టుకోనక్కరలేదు. మీ అబ్బాయి కోరుకున్న నిశ్చింత కూడా ఇందులో చాలావరకు దొరుకుతుంది. అయితే బయటి ప్రపంచానికి మీ కనెక్షన్ ఒక్కటే అన్న సంగతి దీనివల్ల మారదు. ఎవరైనా దాన్ని దుర్వినియోగం చేస్తే విచారణ మొదట కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి దగ్గరకే వస్తుంది. అమ్మాయిలు సొంత కనెక్షన్ పెట్టుకుంటే ఆ చింత పోతుంది, సగం బిల్లు మాత్రం మీ మీద పడుతుంది. రెండో దారినీ దీనినీ కలిపి ఒకేసారి చేసుకోవచ్చు కూడా.

పిన్నీసు దారి మాత్రం ఇప్పుడే తొక్కకండి. స్విచ్ ఆపి మళ్లీ వేయడం వేరు, ఆ రంధ్రంలో నొక్కి పట్టుకోవడం వేరు. మొదటిదానిలో అమరికలు చెక్కుచెదరవు. రెండోదానిలో రూటర్ కొన్ననాటి స్థితికి పోతుంది. జాబితాతో పాటు వైఫై పేరు, పాస్‌వర్డ్ చెరిగిపోతాయి, అవి మళ్లీ పెట్టుకోవచ్చు. కాని నెట్ ఇచ్చేవాళ్లు రూటర్‌లో ఎక్కించిన యూజర్ పేరు, రహస్య సంకేతం కూడా పోయే ప్రమాదం ఉంది. అవి మీ దగ్గర రాసి లేకపోతే, కేబుల్ ఆయన మనిషి వచ్చేవరకు మీకూ మిద్దె మీదికీ నెట్ ఉండదు. పరీక్షల రోజుల్లో ఇది జరిగితే ఆ అమ్మాయిలకు మీ మీద కోపం రావడానికి ఈసారి సరైన కారణమే దొరుకుతుంది.

జాబితా మార్చడం ఎలాగంటారా? రూటర్‌తో ఇప్పటికే కలిసి ఉన్న మీ పాత ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.1.1 లేదా 192.168.0.1 అని కొడితే రూటర్ పేజీ వస్తుంది. ఏది కొట్టాలో రూటర్ అడుగున అంటించిన కాగితం మీద ఉంటుంది. లోపలికి వెళ్లే పాస్‌వర్డ్ వైఫై పాస్‌వర్డ్ కాదు, మీ అబ్బాయి మార్చి ఉంటే ఆయనకే తెలుస్తుంది. వైర్‌లెస్ లేదా సెక్యూరిటీ విభాగంలో మ్యాక్ ఫిల్టర్ అనో యాక్సెస్ కంట్రోల్ అనో కనిపిస్తుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది. అక్కడ "అనుమతించు", "నిరోధించు" అని రెండు మీటలు ఉంటాయి. మీకు మీరుగా వాటిని అటూ ఇటూ మార్చకండి. జాబితా ఉండగా "నిరోధించు" నొక్కితే ఇంతవరకు కలుస్తున్న పరికరాలన్నీ, మీరు పట్టుకున్న పాత ఫోన్‌తో సహా, ఒక్కసారిగా బయటపడతాయి. అప్పుడు తీగతో కంప్యూటర్ కలపడమో, ఆ పిన్నీసో తప్ప దారి మిగలదు. అందుకే ఈ పని మీ అబ్బాయి చూస్తుండగా చేయడం మేలు. 2023 నుంచి వాట్సాప్ వీడియో కాల్‌లో మన తెరను అవతలివారికి చూపే వీలు ఉంది. పాత ఫోన్ తెరను ఆయనకు చూపిస్తూ, ఆయన చెప్పినట్టు మీరు నొక్కుతూ పోవచ్చు. పని కాగానే తెర చూపడం ఆపేయండి, ఆ సమయంలో బ్యాంకు సందేశాలు వస్తే అవీ కనిపిస్తాయి. ఇంటర్నెట్‌లో వెదికి దొరికిన "కస్టమర్ కేర్" నంబర్లకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ ఏదీ వేసుకోవద్దు. ఆ నంబర్లలో మోసగాళ్లవి ఎన్నో ఉంటాయి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మీ అబ్బాయితో ఈ సంగతి ఎలా ఎత్తాలన్నది కూడా ఆలోచించాను. ఆయన తల్లి ఒంటరిగా ఉందన్న జాగ్రత్తతోనే జాబితా పెట్టారు, రెండేళ్లలో మరచిపోయారు. "నువ్వు పెట్టిన దానివల్లే ఇదంతా" అని మొదలుపెడితే ఆయన దాన్ని సమర్థించుకోవడానికి చూస్తారు. "నువ్వు ఒప్పుకున్న ఫోన్లే కలిసేలా పెట్టావు కదా, కొత్త ఫోన్‌ను అందులో చేర్చావా?" అని అడిగి చూడండి, మిగతాది ఆయనకే గుర్తొస్తుంది.

అమ్మాయిల విషయంలో, వాళ్లు ఏమీ మార్చలేదని మీ ఉత్తరంలోని వివరాలే చెబుతున్నాయి. వాళ్లు పాస్‌వర్డ్ మార్చి ఉంటే మీ పాత ఫోన్, టీవీ కూడా ఆ రోజే ఆగిపోయేవి. ఖాళీ చేయించాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం, అందులో నేను తలదూర్చను, కాని వైఫైని మాత్రం కారణంగా చూపకండి. రెండు విధాలుగా వాళ్లను పలకరించవచ్చు. జాబితా సంగతి తేలేవరకు ఆగి, తేలిన తరువాత ఉన్నది ఉన్నట్టు చెప్పవచ్చు, అందులో మీరు చెప్పే మాటకు ఆధారం ఉంటుంది, కాని అబ్బాయికి తీరిక దొరికేవరకు ఈ మౌనం సాగుతుంది. లేదా ఇప్పుడే మిద్దె ఎక్కి క్యూఆర్ కోడ్ పరీక్షకు సాయం అడగవచ్చు. మీకు కాస్త బింకం సడలించుకోవలసి వస్తుంది, కాని అనుమానించిన మనిషే సాయం అడగడానికి వచ్చిందంటే వాళ్లకు సగం అర్థమవుతుంది. ఆ రోజు తొందరపడి అడిగానమ్మా అని ఒక్క మాట అంటే మిగతా సగం కూడా సరిపోతుంది. మీరు ఏళ్ల తరబడి పిల్లలతో మెలిగినవారు, వాళ్ల ముఖం చూసి ఏది అనుకూలమో మీకే తెలుస్తుంది.

జాబితా తీసేసిన తరువాత కూడా కొత్త ఫోన్ కలవకపోతే, ఆ ఫోన్‌లో ఇంటి వైఫైని "ఫర్గెట్" చేసి, ఫోన్‌ను ఒకసారి ఆపి, తిరిగి ఆన్ చేసి, మళ్లీ పాస్‌వర్డ్ కొట్టి చూడండి. అప్పుడూ రాకపోతే ఫోన్ తెర మీద వచ్చిన మాటను ఉన్నది ఉన్నట్టు, రూటర్ అడుగున కాగితం మీదున్న మోడల్ పేరుతో కలిపి రాసి పంపండి. కొత్త పాస్‌వర్డ్ మాత్రం ఈసారి రాయకండి.